దొర ముఖం కింద

తెర మీద దొరకి ఊపిరాడటం లేదు. కింద జనం పడీపడీ నవ్వుతున్నారు.

యంత్రం ఆపే మీట మీదకి హైమ చెయ్యి వెళ్ళింది. పక్కనున్న తమ్ముడు శ్రీకర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండక్కా. ఇంకాసేపు. పొట్టలు పట్టుకుంటున్నారు చూడు."

కంట్రోల్ రూమ్ అద్దం అవతల, స్టూడియో వేదిక మీది తెరపై, తాటికాయంత కళ్ళతో హార్‌గ్రేవ్ దొర ముఖం. కథలో కొండల నుంచి ఓడలెక్కి వెళ్ళి లండన్‌ని జయించిన కలెక్టరమ్మ, కొలతాడు పట్టుకుని దొర బుర్ర కొలుస్తోంది. దొర చక్కిలిగిలి పుట్టి నవ్వాలి. స్క్రిప్టులో అంతే ఉంది. కానీ దొర నవ్వడం లేదు. కళ్ళు పైకి తేలిపోయాయి. ముక్కుపుటాలు కొట్టుకుంటున్నాయి. పెదవులు విడివడాలని పెనుగులాడుతున్నాయి, ఏదో బరువు వాటిని మూసేస్తున్నట్టు.

అప్పుడు స్పీకర్లలోంచి ఒక మాట వచ్చింది. దొర వచ్చీరాని తెలుగు కాదది. ఇంగ్లీషూ కాదు. గొంతు అడుగునుంచి గీసుకుంటూ పైకొచ్చిన మాట.

జనం ఇంకా గట్టిగా నవ్వారు. కలెక్టరమ్మ వేషంలో ఉన్న సొంబరి మాత్రం చేతిలో కొలతాడు వదిలేసింది. ఒక్క క్షణం తెరవైపు చూసి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, వేదిక దిగి నడిచిపోయింది.

హైమ తమ్ముడి చెయ్యి విదిలించి మీట నొక్కింది. తెర నల్లబడింది.

'కొండ సామ్రాజ్యం' అనే ఆ హాస్య ధారావాహిక ఆ ఏడాది తెలుగునాట చూడని ఇల్లు లేదు. ఆలోచనా దర్శకత్వమూ శ్రీకర్‌వి, మాటలు సొంబరివి. అందులో సవరలు లండన్‌లో జెండా పాతుతారు. అక్కడి జనానికి చెట్ల పేర్లు కూడా తెలియవని జాలిపడి, నాగరికత నేర్పడానికి పూనుకుంటారు. పార్కులో ఎండుపుల్ల ఏరితే జరిమానా వేస్తారు. పొగమంచుకి పన్ను కట్టమంటారు. లార్డుల బుర్రలు చేటలతో కొలిచి, "చిన్న జాతి, కానీ విశ్వాసపాత్రులు" అని పుస్తకాల్లో రాసుకుంటారు. రెండువందల ఏళ్ళు మనవాళ్ళ గురించి రాసిన రాతలన్నీ సొంబరి తిరగేసి వడ్డించింది. సీతంపేట కొండల్లో పుట్టి, విశాఖలో చదువుకుని, నాలుక పదును తప్ప వేరే ఆస్తి లేకుండా పైకొచ్చిన మనిషి ఆమె. మైదానం వాళ్ళు ఇబ్బందిపడే జోకులు రాస్తే శ్రీకర్ కొట్టేసేవాడు. దొర మీద రాసినవన్నీ ఉంచేవాడు.

వీటన్నిటికంటే జనం ఎగబడింది దొర ముఖానికి. ఆ ముఖం హైమ కనిపెట్టిన యంత్రం ఇచ్చింది.

సొంబరి వేషం కూడా తియ్యకుండా ల్యాబ్‌లోకి వచ్చింది.

"హైమక్కా, ఆ ముఖం ఎవరిది?"

"హార్‌గ్రేవ్‌దే."

"పైనున్న తోలు వాడిదే. లోపలున్నది ఎవరు? మా సవర భాష మాట్లాడాడు. 'పెట్టు' అన్నాడు."

 హైమ లేచి అల్మరా తలుపు తీసింది.

లోపల వరసగా ప్లాస్టర్ అచ్చులు. తెల్లవాళ్ళ కాలంలో హార్‌గ్రేవ్ అనే దొర జాతుల ముఖాలు సేకరిస్తూ కొండలు తిరిగాడు. మనిషిని పడుకోబెట్టి, ముక్కులో రెల్లు గొట్టాలు రెండు పెట్టి, ముఖమంతా తడి ప్లాస్టర్ పూతమీద పూత వేసేవాళ్ళు. గడ్డకట్టాక తీస్తే అచ్చు. అందులో మళ్ళీ ప్లాస్టర్ పోస్తే ముఖం. ముఖాలు లండన్ వెళ్ళాయి. అచ్చులు ఇక్కడే, హైమ వాళ్ళ ముత్తాత నడిపిన నాటక సమాజం పెట్టెల్లో పడి ఉన్నాయి. ఇంట్లో అందరూ నాటకాల సామాననే అనుకున్నారు.

ప్లాస్టర్ గడ్డకట్టే కాసేపట్లో దాని కింద ముఖం కదిలితే, ఆ కదలికంతా పూతలో సన్నటి మడతలుగా నిలిచిపోతుంది. గ్రామఫోన్ పళ్ళెంలో పాట నిలిచినట్టు. హైమ యంత్రం ఆ మడతలు చదివి ముఖాన్ని మళ్ళీ కదిలిస్తుంది. గొంతు దాకా ప్లాస్టర్ ఉంటే గొంతుని కూడా పలికిస్తుంది. దానికి 'చలనిక' అని పేరు పెట్టుకుంది.

"దొర అచ్చులో కదలిక లేదు" అంది హైమ నేల చూస్తూ. "భయం లేదని జనానికి చూపించడానికి తనే ముందు పడుకున్నాడట. హాయిగా నిద్రపోయినట్టున్నాడు. ముఖం రాయిలా ఉంది. తెరమీద పనికిరాలేదు. అందుకని ఇంకో అచ్చులోంచి కదలిక తీసి, పైన దొర చర్మం వేశాను. అన్నిట్లోకీ ఎక్కువ కదలిక ఉన్నది ఇది. ఇన్నాళ్ళూ ముక్కలు కోసి వాడాను. కన్ను ఒకచోట, పెదవి ఒకచోట. ఇవాళ శ్రీకర్ పెద్ద నవ్వు కావాలన్నాడని మొదటిసారి కొయ్యకుండా మొత్తం నడిపాను."

ఆమె ఒక అచ్చు తీసి బల్ల మీద పెట్టింది. లోపలికి గుంటపడిన ముఖం. కానీ కాస్త పక్కకి జరిగితే ఆ గుంట ఉబ్బెత్తుగా మారి, మనవైపు తిరిగినట్టుంటుంది. సొంబరి బల్ల చుట్టూ నడిచింది. ముఖం ఆమెతోపాటే తిరిగింది.

ఆమె కుడివైపు ఆగిపోయింది. కుడి చెవి సగం లేదు.

"ఎలుగ్గొడ్డు చీరేసింది" అంది సొంబరి.  హైమ కుర్చీ జరిపితే కూర్చుంది. అప్పుడు మెల్లగా చెప్పింది.

ఆ చెవి సొంబరి ముత్తాతది. సవర మెంగడు, ఊరి పెద్ద. దొరతో కొండ దిగి వెళ్ళాడు, తిరిగి రాలేదు. కొన్నాళ్ళకి, కొండ ఇచ్చేస్తూ మెంగడు వేలిముద్ర వేశాడని సర్కారు మనుషులు వచ్చి చెప్పారు. ఊరు ఊరంతా నడుములోతు వాననీళ్ళలో కిందికి దిగింది. కొండ అమ్ముకుని పారిపోయాడని అందరూ ఒప్పేసుకున్నారు. చనిపోయినవాళ్ళకి సవరలు రాయి నాటుతారు. మెంగడుకి నాటలేదు. ఇప్పటికీ తమ ఇల్లు 'పారిపోయినోడి ఇల్లే'. పెళ్ళిలో భోజనానికి కూర్చుంటే పక్క విస్తరి ఖాళీగానే ఉంటుంది.

"నేను తెల్లోడి మీద జోకులు రాసిందంతా ఎందుకనుకున్నావక్కా? ఊళ్ళో నన్ను చూసి నవ్వేవోళ్ళు కొన్నాళ్ళు వేరేవోణ్ణి చూసి నవ్వుతారని."

ఆమె అచ్చు అంచు మీద వేలు పెట్టింది, తగిలీ తగలనట్టు.

"ఏడాది నుంచి జనం నవ్వుతున్నది మా తాతని చూసి."

ఆ సాయంత్రం ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర, హైమ కూతురు రవళి మొదటి ముద్ద కంచం అంచున పెట్టింది. ఆ ఇంట్లో అందరూ అంతే. అది 'నేస్తం ముద్ద'. ముత్తాతగారికి కొండ మీద ఒక నేస్తం ఉండేవాడట. అతను పోయాక ముత్తాతగారు మొదటి ముద్ద నేస్తానికి పెట్టకుండా ఒక్కపూటైనా తినలేదట. గోడ మీద ఫొటోలో ముత్తాతగారు ఉన్నారు, కోటు, కండువా, చేతిలో నాటకం పుస్తకం. తెల్లవాళ్ళని వాళ్ళ కాలంలోనే ఎగతాళి చేసి జైలుకెళ్ళొచ్చిన మనిషి. స్టూడియో గేటు ముందు విగ్రహం కూడా ఉంది. దొర వేషం ఎవరికిచ్చినా ఆయన మాత్రం ముఖానికి రంగు పూసుకోలేదని, మంగలి ముఖం మీద తడిగుడ్డ వేస్తే కుర్చీ తన్నేసి లేచేవారని హైమ వాళ్ళమ్మ ముచ్చటగా చెప్పేది.

"అమ్మా, ఇటు చూడు" అంది రవళి.

కళ్ళు పైకి తేలేసింది. ముక్కుపుటాలు కొట్టుకునేలా చేసింది. పెదవులు బిగించి, మెడ నరాలు తేలేలా పెనుగులాడింది. దొర ముఖం. బళ్ళో పిల్లలందరూ వేస్తారు, పందెం పెట్టుకుని మరీ. శ్రీకర్ పగలబడి నవ్వాడు. హైమ వాళ్ళమ్మ కూడా నవ్వింది.

"ఆపు" అంది హైమ.

"బాగా రాలేదా? మా క్లాసులో నేనే ఫస్టు."

హైమ లేచి వెళ్ళి కొళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో కూడా పిల్ల ముక్కుతో పీలుస్తున్న శబ్దం వినబడుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్న సొంబరి ఒక దొన్నెలో జీలుగు కల్లు తెచ్చి అచ్చు ముందు పెట్టింది. తన మామ్మ ఒంటి మీదకి పోయినవాళ్ళు వచ్చేవాళ్ళట. ఊరంతా ఆమె చుట్టూ కూర్చుని అడిగేదట, ఎలా పోయావు, ఎవరొచ్చారు, ఏం జరిగింది అని. పోయినవాడు సమాధానం చెప్పేదాకా అడుగుతూనే ఉండేవాళ్ళట.

యంత్రంలో ఆత్మ లేదని హైమ ముందే చెప్పింది. ప్లాస్టర్ తడిగా ఉన్న కాసేపు ఆ ముఖం చేసిందే చేస్తుంది, అడిగినదానికి జవాబివ్వదు అంది.

"ఆత్మనెవరు అడుగుతున్నారు? ఎలా జరిగిందో అడుగుతున్నా. నువ్వు ఇన్నాళ్ళూ ఆయనతో చేయించావు. ఒక్కసారి చెప్పనియ్యి."

హైమ దొర చర్మం తీసేసింది. తెర మీద మెంగడు కనిపించాడు. నలభై దాటని మనిషి, కళ్ళు మూసుకుని. సొంబరి తమ భాషలో ఏదో అడిగింది, ఇంటి మనిషిని అడిగినట్టు. హైమ చలనిక నడిపింది.

మొదట ఏమీ లేదు. తరవాత కనుబొమ్మ ముడిపడింది. పెదవులు మూతపడి ఉండగానే గొంతు పలికింది. సొంబరి వింటూ, ఒక్కో మాటా తెలుగులో చెప్పింది.

"నా బొటనవేలు ఎందుకు పట్టుకున్నారు, అంటున్నాడు... చల్లగా ఉంది, ఏం పూశారు... వదలండి, నేను ముద్ర వెయ్యనన్నాను..."

ముఖం లేవబోయింది. అక్కడే కళ్ళు పైకి తేలాయి. రాష్ట్రమంతా పొర్లి పొర్లి నవ్విన చోటు.

సొంబరి తెరకి దగ్గరగా జరిగింది. "గొట్టం ఊడిపోయింది, అంటున్నాడు. ఊడిపోయింది, పెట్టు... నేస్తం, గొట్టం పెట్టు..."

ఆ మాట మూడుసార్లు వచ్చింది. మూడోసారి గాలి లేదు, గొంతు ఆకారం మాత్రమే కదిలింది. తరవాత ముఖం నున్నగా అయిపోయింది, దొర ముఖంలాగే.

హైమ అచ్చు తిరగేసింది. బయటవైపు, ముక్కు దగ్గర, రెండు గుంటలు. ప్లాస్టర్ తడిగా ఉన్నప్పుడు పడినవి. ఆమె తన బొటనవేలు ఒకదాన్లో, చూపుడువేలు ఇంకోదాన్లో పెట్టింది. సరిగ్గా సరిపోయాయి. గొట్టాలు ఊడిపోలేదు. ఎవరో లాగి, పైన నొక్కిపెట్టారు.

"చూశావా" అంది సొంబరి, ఏడుపు ఆపుకుంటూ. "గొట్టాల దగ్గర కూర్చుంది నేస్తమే. వాడే చేశాడని ఆయనకి తెలీనే తెలీదు. సాయం పిలుస్తున్నాడు."

"నేస్తం పేరు చెప్పలేదు."

"చెప్పడు. కొండోడూ కిందోడూ దేవర ముందు బట్టలు మార్చుకుని నేస్తం కడితే, ఆ రోజు నుంచి ఒకడి పేరు ఒకడు పలకకూడదు. చచ్చేటప్పుడైనా సరే. మావోళ్ళకి ఎవరికీ తెలీదు ఆ కిందోడెవడో. అది తెలిస్తేగాని రాయి నాటలేం అక్కా. నాటేటప్పుడు ఎవరి వల్ల పోయాడో ఊరందరి ముందూ పైకి చెప్పాలి. తప్పు పేరు చెప్తే ఆయన ఆ రాతి దగ్గరికి రాడు, ఇక్కడే ఇలా గొట్టం అడుగుతూ తిరుగుతుంటాడు."

కంచం అంచున అన్నం ముద్ద హైమ కళ్ళముందు కదిలింది. చిన్నప్పటి నుంచి తన చేత్తో ఎన్ని వేల ముద్దలు పెట్టిందో. 

"కనుక్కుందాం" అంది.

శ్రీకర్ ఆశ్చర్యపోకపోవడమే హైమని ఎక్కువ భయపెట్టింది. అంతా విని, తలుపు గడియ పెట్టి వచ్చాడు. నాన్న పోయేముందు కొంత చెప్పారన్నాడు. ముత్తాతగారు ఆ దొర దగ్గర దుబాసీగా ఉండేవారు, సవర భాష వచ్చు. కొండ ఈనాంగా వచ్చింది ఆ తరవాతే. నాటక సమాజం, ఈ స్టూడియో స్థలం, అన్నీ ఆ కొండలోంచే. చివరి రోజుల్లో కూర్చునే నిద్రపోయేవారట, ముఖం మీద దుప్పటి జారుతుందేమోనని.

"నువ్వు చెప్పలేదేంరా?"

"ఏం చెప్పాలి? రుజువేముంది అప్పుడు? ఇప్పుడూ అది నీ బల్ల మీదే ఉందిగా." అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అక్కా, విను. ఆఖరి ఎపిసోడ్ మారుద్దాం. కొండ సామ్రాజ్యం కోర్టులో దొర బోనెక్కుతాడు. సొంబరి జడ్జి. మెంగణ్ణి ఎవరు చంపారని అడుగుతుంది. నేనే చంపానని దొర ఒప్పుకుంటాడు. ఆమెకి రాయి వస్తుంది. జనానికి ముగింపు వస్తుంది. హార్‌గ్రేవ్ మనవలెవరూ వచ్చి మన గేటు ముందు కూర్చోరు."

"అది అబద్ధం."

"ఎంత అబద్ధం? దొర రాకపోతే ప్లాస్టర్ ఉందా, కాగితం ఉందా? చెయ్యి ఎవరిదైతేనేం, చేయించింది వాడు."

 అది సగం నిజమని హైమకి తెలుసు. రవళి గుర్తొచ్చింది. గేటు ముందు విగ్రహం మెళ్ళో ఏటా ఆ పిల్లే దండ వేస్తుంది. హైమ సరేనంది.

షూటింగ్ నాడు స్టూడియో కిటకిటలాడింది. మేకప్ గదిలో సొంబరి జడ్జి వేషంలో, నెమలీక గుచ్చిన తలపాగా సర్దుకుంటూ, అద్దంలోంచి హైమని చూసింది.

"డైరెక్టరుబాబు చెప్పాడు, దొరే చేశాడంట. రుజువు దొరికిందంట."

హైమ తల ఊపింది.

"అయితే నేస్తం కూడా దొరేనా? దొరతో మావోళ్ళు బట్టలు మార్చుకోరక్కా. వాడి కోటు ఎవడికి పడుతుంది?" నవ్వబోయింది, రాలేదు. "నీ యంత్రాన్ని నేను నమ్మాను. నువ్వు చెప్తే చాలు. ఊళ్ళో అదే పేరు చెప్తా. వచ్చే వారమే రాయి."

హైమ కంట్రోల్ రూమ్‌కి నడిచింది. దారి పొడుగునా వినబడింది, గొట్టం పెట్టు, నేస్తం, గొట్టం పెట్టు.

లైట్లు వెలిగాయి. తెర మీద దొర బోనులో నిలబడ్డాడు. జనం ఈలలు వేశారు. సొంబరి మొదటి జోకులు పేలాయి. లండన్‌లో రేకుల షెడ్డు వేసిన కేసు, ఏలినవారి అనుమతి లేకుండా బంగాళాదుంప తిన్న కేసు. తరవాత ఆమె గొంతు తగ్గించింది.

"సవర మెంగడి ఊపిరి ఆపింది ఎవరు?"

హైమ వేలి కింద మీట ఉంది. నొక్కితే దొర 'నేనే' అంటాడు. వెనక శ్రీకర్ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

ఆమె ఇంకో మీట నొక్కింది. దొర చర్మం కరిగిపోయింది. బుగ్గల ఎరుపు పోయి, కింద నల్లటి ముఖం, సగం చెవి. కనుబొమ్మ ముడిపడింది. కళ్ళు పైకి తేలాయి.

జనం నవ్వారు. అలవాటైన కదలిక కదా. ముందు వరసలో పిల్లలు లేచి, తామూ కళ్ళు తేలేశారు. గొంతు పలికింది, నేస్తం. నవ్వు ఒకచోట తెగింది. గొంతు మళ్ళీ పలికింది. ఇంకోచోట తెగింది. వెనకాల ఒకాయన మాత్రం ఇంకా నవ్వుతున్నాడు, పక్కనున్నామె ఆయన మోచెయ్యి పట్టుకునేదాకా. మూడోసారి గాలి లేని గొంతు కదిలినప్పుడు హాలులో కుర్చీ చప్పుడు కూడా లేదు.

"అక్కా, ఏం చేస్తున్నావు?" అన్నాడు శ్రీకర్. చెయ్యి పట్టుకోబోయాడు. హైమ అప్పటికే తలుపు తీసింది.

ఆమె వేదిక ఎక్కుతుంటే లైట్లు కళ్ళలో పడ్డాయి. చేతిలో అచ్చు ఉంది, బయటవైపు పైకి పెట్టి. సొంబరి తలపాగా తీసేసింది. ఆమె ఇక జడ్జిలా లేదు. సవర ఊళ్ళో, పోయినవాడి చుట్టూ కూర్చుని అడిగే మనిషిలా ఉంది.

"ఆయన నేస్తం పేరు పలకడు" అంది సొంబరి. "నువ్వు చెప్పక్కా. ఎవరు?"

పుట్టి బుద్ధెరిగాక హైమ ఆ పేరు పలకలేదు. ఇంట్లో ఎవరూ పలకరు. ముత్తాతగారు అంటారు, తాతగారు అంటారు. పెద్దల పేరు నోటితో అనకూడదు. ఆమె తన వేళ్ళు ఆ రెండు గుంటల్లో పెట్టి, అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"మా ముత్తాత. బయట గేటు ముందు విగ్రహం ఆయనదే" అంది. ఊపిరి తీసుకుని, మైకు దగ్గరికి జరిగింది.

"పొట్నూరు జగన్నాయకులు."